అంగుళం నీరు ఇంకడానికి ఎంతసేపు?

మన సంఘం ప్రత్యేక సంచికకు "మీ ఉద్యోగకాలంలో మీకు బాగా తెలిసిన పని ఒకటి తీసుకొని దాని చరిత్ర వ్రాయండి" అని కార్యదర్శి గారు కోరినప్పుడు నేను కొంత మొహమాటపడ్డాను. మన సభ్యులలో సాగర్ కాలువ మీద తూములు కట్టినవారున్నారు, మూసీ మీద వంతెనల పని చూసినవారున్నారు. ఆడిట్‌లో లక్షల రూపాయలు పట్టుకున్న ఘనులూ ఉన్నారు. నాకు బాగా తెలిసిన పని గుంట తవ్వించడం. అందునా మరుగుదొడ్డి గుంట! భోజనాల వేళ ఈ సంచిక చేతికి వస్తే మిత్రులు నన్ను మన్నించాలి. అయినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో 34 ఏళ్లు ఈ నేలను పొడిచి చూసినవాణ్ణి కనుక, నాకు తెలిసినది నేను వ్రాయకపోతే మరొకరు వ్రాస్తారన్న నమ్మకం లేదు. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. అది చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు.

నేను 1972లో పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖలో సూపర్‌వైజరుగా చేరాను. ఆ హోదా పేరు ఈనాటి పిల్లలు విని ఉండరు. మొదటి పోస్టింగు సూర్యాపేట. విజయవాడ రోడ్డుకు కాస్త లోపలగా కొన్ని సిబ్బంది క్వార్టర్లు కడుతున్నారు. వాటికి సెప్టిక్ ట్యాంకు, దాని నుంచి వచ్చే నీరు భూమిలో ఇంకడానికి ఒక ఇంకుడు గుంట డ్రాయింగులో ఉన్నాయి. నేను డ్రాయింగు పట్టుకొని ముగ్గు పోయించబోతుంటే మా పై అధికారి వచ్చి "నేలను అడిగావా?" అన్నారు. నాకు అర్థం కాలేదు. గడ్డపార తెప్పించి, ట్రంకుపెట్టె పట్టేంత కాదు, బిందె పట్టేంత గుంట తవ్వించారు. ఆ రోజు ఆయన నేర్పిన పద్ధతే తరువాత పుస్తకంలోనూ చూశాను.

పద్ధతి ఇది. ఇంకుడు గుంట ఎంత లోతు రావాలో అంత లోతుకు, నాలుగు నుంచి పన్నెండు అంగుళాల వెడల్పుతో ఒక గుంట తవ్వాలి. గడ్డపార దెబ్బకు గోడల మీద మట్టి మెత్తుకుపోయి నున్నగా అవుతుంది, ఇక దానిలోంచి నీరు పోదు. కత్తితో ఆ నునుపును గీకి పారేయాలి. అడుగున రెండంగుళాలు ముతక ఇసుక వేయాలి. ఆపైన అడుగు ఎత్తున నీరు పోసి రాత్రంతా వదిలేయాలి. ఈ రాత్రి నానబెట్టడమే అసలు కీలకం. ఎండిన నేల మొదటి బిందె నీళ్లను దాహంతో ఉన్న ఎద్దులాగా తాగేస్తుంది. దాన్ని చూసి "ఆహా, ఎంత బాగా ఇంకుతోంది" అనుకుంటే మోసపోయినట్లే. దొడ్డి వాడకంలోకి వచ్చాక నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది గదా! కనుక తడిసిన నేల సంగతి తెలుసుకోవాలి. మరునాడు ఇసుక మీద ఆరంగుళాలు నీరు ఉండేట్లు సరిచేసి, అరగంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవాలి. రాత్రికే నీరంతా ఇంకిపోయి ఉంటే మళ్లీ ఆరంగుళాలు పోసి, అరగంటకొకసారి చొప్పున నాలుగు గంటలు కొలిచి, చివరి అరగంట లెక్క తీసుకోవాలి. మరీ ఇసుక నేలైతే పది నిమిషాలకొకసారి చొప్పున గంటసేపు కొలిస్తే చాలు. 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం, దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందన్నదే ఆ నేల అంకె.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. సూర్యాపేట వైపు ఎర్ర చెలకలో అరగంటకు 60 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. అంటే అంగుళానికి పన్నెండున్నర నిమిషాలు. దివ్యమైన నేల. అదే కోదాడ వైపు నల్లరేగడిలో అరగంటకు 8 మిల్లీమీటర్లే దిగితే అంగుళానికి గంటన్నర పైమాట. 30 నిమిషాల లోపైతే ఇంకుడు గుంట పెట్టవచ్చు. 30కి 60కి మధ్యనైతే గుంట కాక పొడుగాటి కందకాలు తీసి నీటిని పరచాలి. 60 దాటితే ఆ నేలను నమ్ముకోవద్దు, కంకర పరిచిన వడపోత తొట్టి భూమికి పైన కట్టుకోవాలి. స్థూలంగా భారత ప్రమాణాల సంస్థ వారి ఐ.యస్. 2470 రెండవ భాగం చెప్పేది ఇది. 1960లలో వచ్చిన ఆ ప్రమాణాన్ని 1985లో సవరించారు. త్రాగునీటి బావికి కనీసం 18 మీటర్లు ఎడం ఉండాలని కూడా అందులోనే ఉంది.

ఈ అంగుళం లెక్క ఎక్కడి నుంచి వచ్చిందని నాకు చాలాకాలం అనుమానం ఉండేది. మనవి మిల్లీమీటర్లు అయినా 20 కాదు, 30 కాదు, సరిగ్గా 25 ఎందుకు? విరమణ తరువాత చదువుకుంటే తెలిసింది. సెప్టిక్ ట్యాంకు పుట్టిల్లు ఫ్రాన్సు. వెజూల్ పట్టణంలో 1860 ప్రాంతంలో ఝాన్ లూయీ మూరాస్ అనే ఆయన తన ఇంటికి ఒక మూసిన తొట్టి కట్టుకున్నాడు. 1881లో దానికి పేటెంటు పొందాడు. 1895లో ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరన్ అనే ఇంజనీరు పెద్ద ఎత్తున కట్టి, దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. తొట్టి వచ్చింది సరే, తొట్టి నుంచి బయటికి వచ్చే నీరు ఎక్కడికి పోవాలి? ఆ ప్రశ్న తలకెత్తుకున్నవాడు అమెరికాలో న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖ ఇంజనీరు హెన్రీ రయాన్. 1920లలో ఆయన పాతబడిన సెప్టిక్ ట్యాంకుల ఇళ్లకు వెళ్లి, పక్కనే అడుగు చదరం గుంట తవ్వి, నీరు పోసి, అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతోందో గడియారం పెట్టి చూశాడు. ఆ సమయానికీ, ఆ నేల రోజుకు ఎంత మురుగునీటిని మింగగలదన్నదానికీ ఒక లంకె కనిపెట్టాడు. ఆయన అంగుళమే మన పుస్తకంలో 25 మిల్లీమీటర్లయి కూర్చుంది! సూర్యాపేటలో మా అధికారి బిందెతో పోసిన నీటి వెనుక ఇంత కథ ఉందని ఆయనకు తెలుసో లేదో.

మన దేశంలో జరిగిన పని కూడా తక్కువేమీ కాదు. 1940లలోనే కలకత్తాలోని అఖిల భారత ఆరోగ్య, ప్రజారోగ్య సంస్థకు చెందిన డయ్యర్, భాస్కరన్ ప్రభృతులు బెంగాల్‌లోని సింగూరు ప్రాంతంలో దొడ్డి గుంటల నుంచి కల్మషం భూగర్భజలంలో ఎంత దూరం ప్రయాణిస్తుందో పరిశీలించారు. తరువాత 1950లలో సింగూరు, ఢిల్లీ దగ్గర నజఫ్‌గఢ్, మద్రాసు దగ్గర పూనమల్లి కేంద్రాలుగా పల్లెలకు పనికివచ్చే దొడ్డి నమూనాల మీద పరిశోధన సాగింది. పాన్ కింద వంపు తిరిగిన గొట్టంలో చెంబెడు నీరు నిలిచి వాసనను, ఈగలను ఆపే వాటర్ సీల్ దొడ్డి పల్లెలకు పరిచయమైంది ఆ కృషి వల్లనే. ఈ పరిశోధనలన్నింటిలో నాకు అర్థమైన సారం ఒక్కటి: గుంట అడుగుకూ నీటి మట్టానికీ మధ్య పొడి నేల ఉన్నంతవరకు ఆ నేలే కాపలాదారు. క్రిములు మట్టి రేణువులకు అంటుకొని అక్కడే చస్తాయి. నీరు వచ్చి గుంటను తాకిందా, ఇక కాపలాదారు లేడు. ఆ నీరే వాటిని మోసుకుపోతుంది.

ఇప్పుడు మన ప్రాంతానికి వస్తాను.

నిజాం కాలంలో, 1908 మూసీ వరదల తరువాత, విశ్వేశ్వరయ్య గారి సలహాతో హైదరాబాదుకు భూగర్భ డ్రైనేజీ ఏర్పడింది. మన తాలూకాలకు చెంబే డ్రైనేజీ. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊళ్లలో దొడ్డి ఉన్న ఇల్లు పటేలుదో, పట్వారీదో, ఒకటి అరా ఉండేది. ఆడవాళ్లు తెల్లవారక ముందో, చీకటి పడ్డాకనో కంపచెట్ల చాటుకు పోవాల్సిందే. అందుచేత దొడ్డి గుంట వల్ల బావి చెడుతుందన్న ప్రశ్నే పల్లెలో పుట్టలేదు. నీరు కూడా అప్పట్లో చాలా లోతున ఉండేది. మోట బావుల్లో వేసవికి అడుగు బండ కనిపించేది.

ఆ పరిస్థితిని మార్చింది నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు విడుదల చేశారు. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువని పేరు. హాలియా, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల మీదుగా అది ఖమ్మం వైపు సాగింది. చెలకల్లో జొన్న, ఆముదం వేసుకున్న రైతు వరి నాటాడు. మిర్యాలగూడలో రైసు మిల్లులు లేచాయి. ఈ సంగతి అందరికీ తెలిసిందే. అంతగా ఎవరూ చెప్పుకోనిది మరొకటి ఉంది. నెలల తరబడి పొలంలో నీరు నిలిచేసరికి నేల కింద నీళ్లు కూడా పైకి లేచాయి. ఆయకట్టు పల్లపు ఊళ్లలో పాత బావుల మెట్లు ఒక్కొక్కటే మునిగిపోయాయి. అంటే భూమి పైన మారినట్టే భూమి కింద కూడా జిల్లా మారిపోయింది. సర్వే పటం మారలేదు కనుక మాకు ఆ మార్పు కనబడలేదు.

నేల సంగతి కూడా ఊరూరికీ వేరు. సూర్యాపేట చుట్టూ ఎర్ర దుబ్బ, దాని కింద మొరం, ఇంకా కిందకు బండ. నీరు మొరంలో బాగా ఇంకుతుంది, బండ పగుళ్లలో ఎటు పోతుందో చెప్పలేము. కోదాడ, హుజూర్‌నగర్ వైపు నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది, వానపడితే ముద్దగా మూసుకుపోతుంది. ఎండాకాలం నెర్రెలో నీరు పోసి "ఇంకిపోయింది" అని రాసుకున్న రిపోర్టులు నేను చూశాను. మేళ్లచెరువు, మట్టపల్లి వైపు సున్నపురాయి. అక్కడ అతుకుల సందుల్లో నీరు వడపోత లేకుండా పరుగెత్తుతుంది. అంకె చూస్తే బ్రహ్మాండం, నిజానికి అది ప్రమాదం. అంగుళం దిగడానికి మరీ ఎక్కువసేపు పడితే ఎంత చెడ్డదో, మరీ త్వరగా దిగితే కూడా అంత చెడ్డదని పుస్తకం కన్నా ముందు నాకు చెప్పింది బావులు తవ్వే ఒక ఒడ్డెర పెద్ద. "నీళ్లు ఆగని కాడ మురికి గూడ ఆగది సారూ" అన్నాడు. పార మొదటి దెబ్బ వేయగానే, చేతికి తగిలిన అదురును బట్టి కింద ఏముందో చెప్పేవాడు.

1986లో కేంద్ర గ్రామీణ పారిశుధ్య పథకం వచ్చింది. పేద కుటుంబాలకు ప్రభుత్వమే దొడ్డి కట్టించడం. రెండు గుంటలు, సందులు వదిలిన ఇటుక కట్టుబడి, మధ్యలో వాటర్ సీల్ పాన్. ఒక గుంట నిండాక రెండవదానికి మళ్లించాలి, మొదటిది ఏడాదిన్నరో రెండేళ్లో మూసి ఉంచితే ఎరువుగా మారుతుంది. మంచి పథకం. 1987లో దీనికి ఐ.యస్. 12314 అనే ప్రత్యేక ప్రమాణం కూడా వచ్చింది. నీటి మట్టం అత్యంత పైకి ఉన్న కాలంలో దానికీ గుంట అడుగుకూ మధ్య రెండు మీటర్లు ఉంటే ఒక రకం, లేకపోతే బావికి ఎడం పెంచి, అడుగు మూసి, చుట్టూ ఇసుక పొర వేయడం మరొక రకం అని అందులో ఉంది. "అత్యంత పైకి ఉన్న కాలం" అన్న మాట నేను చదివాను. చదివి కూడా దాని కింద గీత గీసుకోలేదు.

1989 మార్చి నెల. మిర్యాలగూడ నుంచి పది పన్నెండు మైళ్ల దూరంలో, ఎడమ కాలువ మేజరు కింద ఉన్న ఒక ఊరు. పేరు వ్రాయను. మార్చి అంటే మనందరికీ తెలుసు, నిధులు 31లోగా ఖర్చు కాకపోతే మురిగిపోతాయి. ఒక వాడలో వరుసగా దొడ్లు పెట్టాలి. నేను వాడ మధ్య చేదబావిలో తాడు వదిలి చూశాను. నీరు పద్నాలుగు అడుగుల్లో ఉంది. గుంట లోతు నాలుగడుగులు. మధ్యలో పదడుగుల పొడి నేల. ఇంకేం కావాలి? నేల మొరం. ఒకచోట గుంట తవ్వి నీరు పోయించాను, రాత్రి నానబెట్టడానికి సమయం లేదు. గంటలో పరీక్ష అయిందనిపించి, మెజర్‌మెంటు బుక్కులో "నేల అనుకూలం" అని వ్రాసి సంతకం పెట్టాను. ఇళ్లు ఇరుకు కనుక కొన్ని గుంటలు బావికి ముప్పయి అయిదు అడుగుల్లోనే పడ్డాయి. 18 మీటర్లంటే 59 అడుగులు. ఆ లెక్క సెప్టిక్ ట్యాంకులకు, ఇవి చిన్న గుంటలే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

నవంబరులో కబురు వచ్చింది. దొడ్లలో నీరు పోయడం లేదు, పాన్‌లోకి ఎదురు తంతోంది, పైగా వాడలో పచ్చకామెర్లు అని. నేను సైకిలు మోటారు మీద వెళ్లేసరికి వాడలోని ఒక ముసలమ్మ నన్ను బావి దగ్గరికి తీసుకుపోయింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "సారూ, నువ్వు ఎండకాలం వచ్చి సూసిపోతివి. కార్తీకంల ఎన్నడన్నా వచ్చి సూసినవా? గిప్పుడు మా బాయిల బొక్కెనకు తాడే అక్కరలేదు, వంగి చెంబుతోటి ముంచుకుంటం" అన్నది. వంగి చూశాను. నీరు గట్టుకు మూడడుగుల లోపున ఉంది. నేను తవ్వించిన నాలుగడుగుల గుంటలు అన్నీ నీళ్లలో మునిగి ఉన్నాయి. బావి గోడ రాళ్ల మీద పాచి గీత ఒకటి ఆ నీటికి జానెడు పైన స్పష్టంగా ఉంది. మార్చిలో కూడా అది అక్కడే ఉండి ఉండాలి. ఏటా నీరు ఎక్కడిదాకా లేస్తుందో బావే గీత గీసి పెట్టింది. నేను తాడు కిందికి వదిలానే గానీ గోడ వైపు చూడలేదు.

బావికి దగ్గరగా ఉన్న ఇంట్లో నెలలు నిండబోతున్న ఒక అమ్మాయికి కామెర్లు. ఆమెను మిర్యాలగూడకు తీసుకుపోయారు. ఆమె బతికింది, బిడ్డ దక్కలేదు. అది నా గుంట వల్లనే అని నేను నిరూపించలేను, కాదని కూడా చెప్పలేను. నీటి ద్వారా వచ్చే కామెర్లు గర్భిణులకు ఎంత ప్రమాదమో నాకు అప్పుడు తెలియదు. 1955-56లో ఢిల్లీలో యమున నీటిలో మురుగు కలిసి సుమారు 29 వేల మందికి కామెర్లు సోకిన సంగతి, దానికి కారణమైన క్రిమికి తరువాత హెపటైటిస్ ఇ అని పేరు పెట్టిన సంగతి, అది గర్భిణుల పాలిట యముడన్న సంగతి నేను తరువాత చదివాను.

నేరం ఎవరిదని పై నుంచి విచారణ ఏదీ రాలేదు. నాకే మనసు నిలవక ఒక పరీక్ష చేశాను. నీటిలో ఉప్పు శాతం కొలిచే సామగ్రి ఒక స్నేహితుని కళాశాల ప్రయోగశాల నుంచి తెచ్చుకొని, ముందు బావి నీటిలో కొలిచి, ఆపైన దగ్గరి గుంటలో ఒక బస్తా ఉప్పు కరిగించి పోయించాను. రోజూ బావి నీరు పట్టి చూశాను. అయిదవ రోజున అంకె లేవడం మొదలైంది. ఇక అనుమానం లేదు. గుంట, బావి ఒకే నీళ్లు తాగుతున్నాయి. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనా సంస్థవారు 1982లో కనిపెట్టిన చిన్న సీసా పరీక్ష కూడా చేశాను. అందులోని కాగితం ముక్క మీద నీరు పోసి ఉంచితే, మలకల్మషం ఉన్న పక్షంలో ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ఆ సీసా మరునాటి ఉదయానికే కాటుకలా ఉంది. దాన్ని ముసలమ్మకు చూపించాను. నాలుగు పేజీల రిపోర్టు చేయలేని పని ఆ నల్ల సీసా చేసింది. వాడవాళ్లు ఆ బావి నీరు త్రాగడం మానేశారు.

ఇక్కడే మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. బావి నీరు మానేసి ఏం తాగాలి? ఊరి బోరింగు నీరు తాగాలి. బోరింగులో ఫ్లోరైడు! నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1955లోనే సిద్దికీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశాడు. పటిక, సున్నం, బ్లీచింగు కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూరు నీరి సంస్థవారు "నల్లగొండ టెక్నిక్" అనే పేరుతో లోకానికి ఇచ్చారు. మన ఊరి పేరు ప్రపంచ పుస్తకాలకెక్కింది, ఎక్కకుండా ఉంటే బాగుండేదనుకోండి. అందుచేత మా శాఖలో నీటి పరీక్ష అంటే ఫ్లోరైడు పరీక్షే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటిందా లేదా, అంతే. ఆ లెక్కన చూస్తే కాలువ నీరు ఊరిన పైపై బావి నీళ్లే మేలు. అవి తియ్యగా ఉంటాయి, ఫ్లోరైడు పలచబడి ఉంటుంది. లోతు బోరు నీళ్లు ఎముకలను వంచుతాయి. పైబావి నీళ్లు ఎముకలకు మంచివి, కానీ దొడ్డి గుంటకు చుట్టాలు. జనం తియ్యటి నీరు ఎన్నుకున్నారంటే వాళ్ల తెలివితక్కువ కాదు. మేము ఒక కన్ను ఫ్లోరైడు మీద పెట్టి రెండవ కన్ను మూసుకున్నాం.

ఆ వాడలో తరువాత మేము చేసినది పెద్ద ఘనకార్యం కాదు. బావికి దగ్గరగా ఉన్న గుంటలను పూడ్చాం. వాటికి బదులు వాడ చివర, ఎత్తు మీద, నేలపైనే రెండున్నర అడుగుల దిబ్బ పోసి, అందులో లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ గుంటలు కట్టాం. అడుగున సిమెంటు, చుట్టూ అర మీటరు మందాన ఇసుక. దొడ్డికి మెట్లెక్కి పోవాల్సి వచ్చింది. "సారు మాకు మేడ కట్టిచ్చిండు" అని నవ్వుకున్నారు. ఆ నవ్వుకు నేను అర్హుణ్ణి కాదు గానీ ఊరట కలిగింది. బావి తోడించి బ్లీచింగు వేశాం. ఆ ఎత్తు దొడ్లకు అంచనాలో లేని ఖర్చు మంజూరు చేయించడానికి పట్టిన కాలం గురించి వ్రాస్తే మరో సంచిక కావాలి.

అప్పటి నుంచి 2006లో రిటైరయ్యేదాకా నేను పాటించిన అలవాట్లు కొన్ని ఉన్నాయి. బావి దగ్గరికి పోతే ముందు గోడ చూసేవాణ్ణి, తరువాతే తాడు. గుంట తవ్విన మట్టిలో బూడిద రంగు మచ్చలు, తుప్పు మరకలు కలిసి కనిపిస్తే, అది ఎండిన నేలైనా సరే, ఏడాదిలో కొన్ని నెలలు అక్కడ నీరు నిలుస్తున్నట్లే అని గుర్తు పెట్టుకొనేవాణ్ణి. అన్నిటికన్నా ముందు ఊళ్లో పెద్దవయసు ఆడవాళ్లను అడిగేవాణ్ణి, కార్తీకంలో తాడు ఎన్ని మూరలు పడుతుందమ్మా అని. నీరు తోడేది వాళ్లు కనుక వాళ్ల చేతులకే ఆ లెక్క తెలుసు. మగవాళ్లను అడిగితే "బాగానే ఉంటయి సార్" అనేవారు. మార్చిలో కట్టక తప్పని పనికి కూడా, ముందటి కార్తీకంలోనే మట్టం కొలిచి నోటుబుక్కులో ఉంచుకొనేవాణ్ణి. ఆ నోటుబుక్కును చూసి తోటివారు నవ్వేవారు. వారిలో ఇద్దరు ముగ్గురు ఈ సంచిక చదువుతారని నాకు తెలుసు!

మేము దిగిపోయాక చాలా మారింది. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలై ఇంటింటికీ దొడ్డి వచ్చింది. 2016లో మిషన్ భగీరథ ప్రారంభమై కుళాయి ద్వారా శుద్ధిచేసిన నది నీరు ఇళ్లకు చేరింది. బావి నీరు త్రాగే అవసరం తగ్గింది, ఫ్లోరైడు బాధ తగ్గింది. ఇది గొప్ప మేలు, ఇందులో వంక పెట్టేవాడు కృతఘ్నుడు. అదే 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా అయింది, కోదాడ అందులోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉంది. కానీ కుళాయి వచ్చాక ఇంట్లో వాడే నీరు పెరిగింది, ఆ నీరంతా మళ్లీ అదే గుంటలోకి. చెంబెడు నీటికి లెక్కకట్టిన గుంటకు షవరు నీళ్లు! రెండు గుంటల పద్ధతి పోయి, సిమెంటు రింగులు ఒకదాని మీద ఒకటి దింపి, ఎంత లోతైతే అంత గొప్ప అనుకుంటున్నారు. పన్నెండు అడుగుల గుంట తవ్వించానని గర్వంగా చెప్పేవారిని చూశాను. నిండేది ఆలస్యమవుతుందని వాళ్ల ఆశ. ఆయకట్టులో అంత లోతంటే దొడ్డిని తిన్నగా భూగర్భజలంలో పెట్టడమే. అది నిండదు నిజమే. ఎందుకు నిండటం లేదో ఆలోచించరు.

మా తమ్ముని కొడుకు కోదాడ దగ్గర పల్లెలో నిరుడు ఇల్లు మొదలుపెట్టాడు. ఏప్రిల్‌లో నన్ను కారులో తీసుకుపోయి "పెదనాన్నా, సెప్టిక్ ట్యాంకుకు జాగా చూపించు" అన్నాడు. నల్లరేగడి. మేస్త్రీ నన్ను చూసి, పాతకాలం ముసలాయన వచ్చాడు కాసేపు భరిద్దాం అన్నట్టు నిలబడ్డాడు. గుంట తవ్వించి నెర్రెలు మూసుకొనేదాకా రెండు రోజులు నానబెట్టించాను. మూడవ రోజు అరగంటకు స్కేలు మీద నీరు కదిలినట్టే అనిపించలేదు. పక్క చేనులోని పాత బావికి పోయి చూస్తే పాచి గీత గట్టుకు నాలుగున్నర అడుగుల్లో ఉంది. "ఇక్కడ ఇంకుడు గుంట వద్దు, ట్యాంకు గట్టిగా కట్టి, దాని తరువాత నేల పైన కంకర, ఇసుక తొట్టి పెట్టి, ఆ నీరు అరటిచెట్లకు పొయ్యేట్టు చెయ్యి" అన్నాను. వాడు మేస్త్రీ ముఖం చూశాడు, మేస్త్రీ ఖర్చు చెప్పాడు. కార్తీకం దాకా ఆ ఒక్క పని ఆపమని అడిగాను. ఇంటి మిగతా పని కానిచ్చుకున్నారు.

కార్తీక పౌర్ణమి మరునాడు వాడు ఫోన్ చేశాడు. తవ్వి వదిలిన గుంటలో నీళ్లు ఊరి నిలబడ్డాయట. టేపు పెట్టి కొలిచాడట, గట్టుకు నాలుగడుగుల నాలుగంగుళాలు. "పెదనాన్నా, ఆ కంకర తొట్టి కొలతలు ఒకసారి కాగితం మీద వేసి పంపిస్తావా?" అన్నాడు. ఆ రాత్రే కూర్చొని వేశాను. చెయ్యి కొంచెం వణుకుతోంది గానీ గీతలు తిన్నగానే వచ్చాయి.